ఖాళీ జాగాలో పద్నాలుగు తలుపులు

మహేశ్వరి తొమ్మిదేళ్లుగా దోమల నివారణ పనిలో కాంట్రాక్టు మనిషి. ఉండేది జల్‌పల్లిలో, పని ఛత్రినాకలో. పదిహేను రోజులకొకసారి తన వాటాలోని ప్రతి ఇంటికీ వెళ్లి డ్రమ్ములు, కూలర్లు, పూలకుండీల కింది పళ్లేలు చూడాలి. నీళ్లలో పురుగులు కదులుతుంటే దగ్గరుండి ఒలకబోయించాలి. మొదట్లో జనం ఆమెను చూడగానే గడియ పెట్టుకునేవాళ్లు. ఇప్పుడు "దోమల మహేశ్వరి వచ్చింది" అని లోపలికి ఒక కేకేసి ఎవరి పనిలో వాళ్లుంటారు. ఆమే వంటింట్లోకి వెళ్లి, చూసి, వస్తూ వస్తూ పొయ్యి మీద పొంగుతున్న పాలు దించి వస్తుంది.

ఆ ఏడు వానలు మొదలయ్యే ముందు ఆఫీసువాళ్లు కొత్త యాప్ ఇచ్చారు. అందులో పటం, పటంలో ఇళ్లు, ఒక్కో ఇంటి నెత్తిన ఒక్కో ఎర్ర చుక్క. ఇల్లు చూసి వివరాలు నింపితే చుక్క పచ్చబడుతుంది. మహేశ్వరి వాటాకు ఆరువందల పన్నెండు చుక్కలు వచ్చాయి. పదిహేను రోజుల్లో ఐదువందల తొంభై ఎనిమిది పచ్చబరిచింది. మిగిలినవి పద్నాలుగు. అన్నీ ఒకేచోట, ఎదురుబొదురుగా ఏడేసి, బుద్ధిగా రెండు వరుసల్లో ఉన్నాయి.

ఫోను దారి చూపిస్తే నడుచుకుంటూ వెళ్లింది. బస్తీ చివర, టెంట్‌హౌస్ గోదాము వెనక ఖాళీ జాగా వచ్చింది. జాగా మధ్యలోకి వెళ్లి నిలబడగానే ఫోను చిన్నగా మోగి, "మీరు ఇంటికి చేరుకున్నారు. తలుపు తట్టండి" అని చూపించింది. చుట్టూ చూసింది. పిచ్చిమొక్కలు, ఎవరో పారేసిన కూలర్ డొక్కు, దాన్ని ఒరుసుకుంటున్న బర్రె తప్ప ఏమీ లేవు. వచ్చినందుకు కూలర్ డొక్కులోకి తొంగిచూసింది. నీళ్లు లేవు.

గోదాము ముందు కుర్చీలు కడిగిస్తున్న టెంట్‌హౌస్ రామలింగయ్య సంగతి విని, ఫోను తీసుకుని కళ్లకు దగ్గరగా పెట్టుకుని చూశాడు. చూసి నవ్వాడు.

"గివి ఇండ్లు కావు బిడ్డా. నా టార్పాలిన్లు. కిందటి వానలకు తడిసినయని రెండు వరుసలు ఆరేసిన. పద్నాలుగే. మీదికెల్లి ఎవడో ఫోటో తీసినట్టున్నడు."

నీలం టార్పాలిన్లను ఎవరో, లేదా ఏ మిషనో, పైకప్పులనుకుంది. వాటికి ఇంటి నంబర్లు కూడా ఇచ్చింది. ఒక్కో ఇంట్లో సగటున నలుగురు ఉంటారని కూడా రాసిపెట్టింది.

మహేశ్వరి హెల్ప్‌లైన్‌కు ఫోన్ చేసింది. నలభై నిమిషాలు పాట విన్నాక ఒకమ్మాయి వచ్చింది.

"ఇల్లు లేదని నమోదు చేయొచ్చు మేడమ్. దానికి ఇంటి యజమాని అనుమతి కావాలి. ఆయన ఫోన్‌కు ఓటీపీ వస్తుంది. అది చెప్తే ఇల్లు తీసేస్తాం."

"ఇల్లే లేదమ్మా. యజమాని ఎక్కడికెల్లి వస్తడు?"

"యజమాని లేకపోతే ఇల్లు తీయడానికి రాదు మేడమ్. ఇంకేమైనా సహాయం కావాలా?"

రోజూ పొద్దున ఎనిమిదిన్నరకు ఫోనులో మీటింగు. నూరు శాతం కానివాళ్ల పేర్లు తెర మీద ఎర్రగా వస్తాయి. మొదట నలభై పేర్లుండేవి. నెలలో ఇరవయ్యో తారీకుకు ముప్పై, ఇరవై మూడుకు ఆరు, ఇరవై ఐదుకు ఒకటే. సూపర్‌వైజర్ శ్రవణ్‌కుమార్ ఆ ఒక్క పేరునే గట్టిగా చదివాడు.

"మహేశ్వరి గారూ, తొంభై ఏడు పాయింట్ ఏడు కాడ ఎందుకాగింది?"

"అక్కడ ఇండ్లు లేవు సార్."

"లేవంటే ఎట్ల? సిస్టంల ఉన్నయి కద."

"అవి టార్పాలిన్లు సార్."

"టార్పాలిన్ కప్పుకున్నా ఇల్లు ఇల్లే కదమ్మా. పేదోళ్లని వదిలేస్తమా? కాంట్రాక్టు రెన్యూవల్ ఒకటో తారీకు. నూరు కానోళ్ల ఫైలు పైకి పోదు. మీ ఇష్టం."

మీటింగులో ఉన్న నూటయాభై మందీ మైకులు మూసుకున్నారు. ఒకరి ఇంట్లో కుక్కర్ మాత్రం మూడు కూతలు కూసింది.

ఆ రోజు నుంచి మహేశ్వరికి అన్నం సయించలేదు. భర్తకు కట్టిన డబ్బాలో కూర బదులు రెండు గిన్నెల నిండా అన్నమే పెట్టింది. అతను సాయంత్రం వచ్చి, "బాగుందే, ఏం కూర?" అని మెల్లగా అడిగి, జవాబు కోసం చూడకుండా గిన్నెలు తోమాడు. మరునాడు బస్సులో కండక్టరు ముందుకొచ్చి నిలబడ్డాడు.

"ఆధార్ చూపియ్యమ్మా. ఏడికి?"

"ఇంట్ల ఎంతమంది ఉంటరు?" అంది మహేశ్వరి.

"ఐదుగురం."

"నీళ్ల డ్రమ్ములు?"

"రెండు. ఒకదానికి మూత లేదు," అన్నాడు కండక్టరు. అప్పుడు గానీ అతనికి అనుమానం రాలేదు. ఆమె ముఖం చూసి, ఆడవాళ్లకిచ్చే ఉచిత జీరో టికెట్ చించి చేతిలో పెట్టి, కిటికీ పక్కన కూర్చున్నాయనను లేపి ఆమెను కూర్చోబెట్టాడు.

దిగి నడుస్తుంటే కాశమ్మ చూసింది. కాశమ్మకు డెబ్బై దాటాయి. ఒక గది ఇల్లు, ఆకుపచ్చ రేకు తలుపు, దాని ముందు పూల గంప, అదే ఆమె లోకం. మహేశ్వరిని రెక్క పట్టుకుని గడప మీద కూర్చోబెట్టింది.

"ఏందే బిడ్డా, గిట్ల గుంజుకపోయినవ్? తిన్నవా?"

"తినబుద్ధైతలేదు అవ్వా."

"నీ బుద్ధిని ఎవడడిగిండు? నోరు తెరువు."

పచ్చిపులుసు అన్నం నాలుగు ముద్దలు లోపలికి పోయాక మహేశ్వరికి ఏడుపొచ్చింది. ఏడుస్తూనే అంతా చెప్పింది. అప్పుడే పొగమిషన్ భుజాన వేసుకుని డానియేలు వచ్చాడు. మహేశ్వరితో పాటు అదే ఆఫీసులో పనిచేసే మనిషి. ఎప్పుడూ పొగవాసన వేస్తాడు, తక్కువ మాట్లాడతాడు. ఆ రెండు రోజులుగా ఆమె ఎర్రపేరు చూసి, ఆఫీసు పంపిన నలభై పేజీల నిబంధనలన్నీ చదువుతున్నాడు.

"అక్కా, ఒక దారుంది. ఇల్లు లేదని రాయనీకి లేదు. తాళం ఉన్నదని రాయొచ్చు. చుక్కకు ఐదు మీటర్ల లోపల నిలబడి, తాళమేసిన తలుపు ఫోటో పెట్టాలె. గంతే."

"తలుపేది డానియేలూ?"

"అదే ఆలోచిస్తున్న."

కాశమ్మ వెనక్కి తిరిగి తన రేకు తలుపును చూసింది. "తలుపేనా? నాది తీస్క పోండ్రి. రెండే బందులున్నయ్, ఊకె ఊడొస్తది."

"అబద్ధమైతది కదనే అవ్వా," అంది మహేశ్వరి.

"ఏం అబద్ధం? తాళమేసిన తలుపు అడిగిండు. తాళమేసిన తలుపు చూపిస్తున్నం. దానెన్క ఇల్లున్నదా అని అడిగిండా?"

డానియేలు ఫోనులో మళ్లీ వెతికి చూశాడు. ఆ ప్రశ్న ఎక్కడా లేదు.

రేకు తలుపును నెత్తిన పెట్టుకుని అతనే మోశాడు. మొదటి చుక్క దగ్గర నిలబెట్టి, కాశమ్మ తాళం వేసి, ఫోటో తీశారు. యాప్ ఒక క్షణం తిరిగి, "తాళం. నమోదైంది" అంది. మహేశ్వరి నోరు తెరిచి చూసింది. అదే తలుపును రెండో చుక్కకు మోసుకెళ్లారు. "ఈ తలుపు ఇంతకుముందే నమోదైంది. దయచేసి ఈ ఇంటి తలుపు చూపండి" అంది యాప్.

"అంటే పద్నాలుగు తలుపులు గావాలె," అన్నాడు డానియేలు. రామలింగయ్య గోదాములోంచి బీరువా తలుపొకటి తెచ్చి పెట్టి చూశాడు. "ఇది ఇంటి తలుపు కాదు" అని యాప్ ఎర్రబడింది. ఇల్లు లేని చోట ఇల్లు చూసిన యాప్‌కు బీరువాను గుర్తుపట్టడం మాత్రం బాగా వచ్చు.

రామలింగయ్యకు రోషం వచ్చింది. అసలు తప్పంతా తన టార్పాలిన్లదేనని అతనికి లోపల ఒక బాధ. గోదాములోకి వెళ్లి, పెళ్లిళ్లకిచ్చే మైకుసెట్టు బయటికి లాగి, రెండుసార్లు తట్టాడు.

"హలో, హలో. అన్నలకు, అక్కలకు నమస్కారం. మన దోమల మహేశ్వరికి నౌకరి కాడ పరేషాన్ వచ్చింది. అర్జెంటుగ పదమూడు తలుపులు గావాలె. తాళంచెవితోని తీస్కరాగలరు. తలుపు తీసిన ఇంటికి మన తరఫున పరదా ఫ్రీ."

"కాకా, వద్దే! ఎవలిస్తరు తలుపులు!" అని మహేశ్వరి మైకు లాక్కోబోయింది. ఆమె మాట కూడా మైకులో బస్తీ అంతా వినిపించింది.

పావుగంట వరకు ఎవరూ రాలేదు. తర్వాత ఒక తలుపు వచ్చింది. దాని వెనక పాత క్యాలెండరు, క్యాలెండరు మేకుకు ఒక చొక్కా. మోసుకొచ్చిన లాండ్రీ ఆయన చొక్కా తీసి వేసుకుని, "ఏడ పెట్టాలె?" అన్నాడు. ఆపైన బాత్‌రూం ప్లాస్టిక్ తలుపొకటి, నీలం రంగుదొకటి, గొళ్లెం వంగినదొకటి వచ్చాయి. కిరాయికున్న ఒకామె ఇంటి ఓనరును కూడా వెంటబెట్టుకొచ్చింది, తలుపు తనది కాదు కాబట్టి. ఓనరు అన్ని తలుపులనూ చూసి, తన తలుపు మొదటి వరుసలో ఉండాలని పట్టుబట్టాడు. ఏ ఇంటివాళ్లూ మహేశ్వరికి చుట్టాలు కారు. వాళ్ల డ్రమ్ముల్లో నీళ్లు ఒలకబోయించి తిట్లు తిన్న ఇళ్లే అవన్నీ.

ఆఖరున బజారు వైపు నుంచి నలుగురు హమాలీలు రెండు రెక్కల టేకు తలుపును మోసుకుంటూ వచ్చారు. మీద చెక్కిన లతలు, ఇత్తడి బొడిపెలు. వెనకాల నడుముకు తాళాలగుత్తితో విమలాదేవి నడిచి వస్తోంది. నాలుగు తరాలుగా కిరాణా హోల్‌సేల్ చేసే ఇంటి కోడలు. ఆ ఇంట్లో పూలకుండీలు అరవై రెండు. మహేశ్వరిని చూడగానే ముఖం ముడుచుకునే మనిషి.

"అమ్మా, మీరెందుకమ్మా గీ పెద్ద తలుపు..." అంది మహేశ్వరి.

"మా అత్తగారు కాపురానికొచ్చిన తలుపు. నేల మీద పెట్టకండి, కింద ఇటుకలెయ్యండి," అంది విమలాదేవి హమాలీలతో. తర్వాత మహేశ్వరి వైపు తిరిగి, "మా మామగారికి డెంగీ వచ్చిన్నాడు దవాఖానల నాతోని మూడు రోజులు ఎవలు కూసున్నరు? నా చుట్టాలా?" అంది.

మహేశ్వరి ఆ మాటే మర్చిపోయింది.

మధ్యాహ్నానికల్లా పద్నాలుగు తలుపులను వెదురు గుంజలకు కట్టి, ఏడూ ఏడూ ఎదురెదురుగా నిలబెట్టారు. అన్నింటికీ తాళాలే. యాప్ పద్నాలుగింటినీ ఒప్పుకుంది. చుక్కలు ఎరుపు నుంచి పసుపుకు మారాయి. పచ్చ మాత్రం కాలేదు. డానియేలు నిబంధనల చివరి పేజీ కింద చిన్న అక్షరాలు చదివి తల పట్టుకున్నాడు. "వరుసగా మూడు రోజులు తాళమే ఉండాలెనట."

"ఉంటది. యాడికి పోతది?" అంది కాశమ్మ.

మూడు రోజులు ఆ బస్తీలో పద్నాలుగు ఇళ్లకు తలుపుల్లేవు. రామలింగయ్య కట్టిన ఎర్ర, పసుపు షామియానా పరదాలతో వీధంతా పెళ్లివారిల్లులా ఉంది. దారినపోయే ఇద్దరు భోజనాలెప్పుడని కూడా అడిగారు. ఇళ్లలోంచి ఏదీ పోలేదు. కాశమ్మ పెరుగు మాత్రం కుక్క తాగింది. ఎవరింట్లో ఏం గొడవైనా అందరికీ వినబడుతోంది కాబట్టి ఆ మూడు రోజులూ భార్యాభర్తలు మర్యాదగా మాట్లాడుకున్నారు.

రెండో రోజు వాన కొట్టింది. కొరియర్ మనిషొకడు గొడుగు కింద నీలం తలుపు ముందు నిలబడి చాలాసేపు తట్టాడు. అతని దగ్గరున్న ఫోనులోనూ అక్కడ ఒక గల్లీ పుట్టింది. "ఊరికి పోయిన్రు, రేపు రా" అని కాశమ్మ తలుపు వెనక నుంచే చెప్పింది. అతను చుట్టూ తిరిగి చూడకుండా, ఒక చీటీ తలుపు సందులో పెట్టి వెళ్లిపోయాడు.

మూడో రోజు పదకొండు గంటలకు శ్రవణ్‌కుమార్ స్వయంగా వచ్చాడు. పద్నాలుగు ఇళ్లు ఒకేసారి తాళాలేసుకుని వెళ్లడం పైవాళ్లకు అనుమానంగా తోచిందట. రెండు వరుసల మధ్య చేతులు వెనక్కి కట్టుకుని నడిచాడు. ఒక్కో తాళం లాగి చూశాడు. బాత్‌రూం తలుపు ముందు కొంచెంసేపు ఆగాడు. మహేశ్వరి అతని వెనకాలే నడుస్తోంది.

"గల్లీ మొత్తం ఏడికి పోయిందమ్మా?"

చెప్పేద్దామని ఆమె నోరు తెరిచేలోపు గాలి వీచింది. ముందురోజు వానకు నానిన తాడొకటి తెగి, లాండ్రీ ఆయన తలుపు శ్రవణ్‌కుమార్ మీదికి ఒరిగింది. అతను రెండు చేతులతో పట్టుకున్నాడు. పట్టుకుని పక్కనుంచి తొంగిచూస్తే వెనక ఇల్లు లేదు. జాగా ఉంది, బర్రె ఉంది. తన తలుపుకు వీపు ఆనించి కూర్చుని కాశమ్మ గోకరకాయ తుంచుతోంది. తడిసిన తాళ్లు వదులవడంతో పక్క తలుపుల వెనక ఇంకో ఐదారుగురు ఎవరి తలుపు వాళ్లు పట్టుకుని నిలబడ్డారు.

"నమస్తే సారూ," అంది కాశమ్మ.

"సార్, ఇది నేను చేసిందే," అంది మహేశ్వరి గబగబా. "వీళ్లది ఏం తప్పు లేదు. నా కోసం తలుపులూడదీసి ఇచ్చిన్రు. మూడు రోజుల సంది పరదాలేసుకుని ఉంటున్నరు. రాసుకుంటే నా పేరొక్కటే రాసుకోండి."

"తలుపు నాది. నా పేరు రాయి," అంది కాశమ్మ.

"టార్పాలిన్లు నావి సార్," అన్నాడు రామలింగయ్య.

"నిబంధనలు చదివింది నేను," అన్నాడు డానియేలు.

విమలాదేవి తన తలుపు పక్కకు వెళ్లి నిలబడి కొంగు సర్దుకుంది.

శ్రవణ్‌కుమార్ ఒక్కొక్కరి ముఖమే చూశాడు. తలుపు మాత్రం వదల్లేదు. వదిలితే పడుతుంది.

"మీ మీటింగు ఎనిమిదిన్నరకు," అన్నాడు చివరికి. "మా మీటింగు ఏడింటికి. అందుల నా పేరు ఎర్రగ వస్తది. పదకొండు దినాల సంది వస్తున్నది. బీపీ గోలీ ఒకటి ఉండె, రెండు చేసిండు డాక్టరు." తలుపును సర్ది పట్టుకుని, "మా ఇంట్ల చెప్పలె," అన్నాడు.

కాశమ్మ గోకరకాయ పక్కన పెట్టింది. "తిన్నవా సారూ?"

"లేదు."

రామలింగయ్య కుర్చీ తెచ్చాడు. కానీ తలుపు పట్టుకున్న మనిషి కూర్చోవడానికి లేదు. కాశమ్మే లేచి వెళ్లి, ఎవరింట్లోంచో ఉప్మా తెచ్చి, అతని రెండు చేతులూ తలుపు మీదే ఉన్నాయి కాబట్టి, చెంచాతో తినిపించింది. అతను అభ్యంతరం చెప్పలేదు. మూడు చెంచాలయ్యాక, "ఫోటోలు తియ్యమ్మా, టైమైతున్నది," అన్నాడు.

"మీరు ఫోటోల పడతరు సార్," అంది మహేశ్వరి.

అతను తలుపు వెనక్కి వెళ్లి, వంగి, రెండు పక్కలా వేళ్లు కనబడకుండా పట్టుకున్నాడు. మహేశ్వరి ఒక్కో చుక్క దగ్గర నిలబడి పద్నాలుగు ఫోటోలు తీసింది. ఆఖరుది పచ్చబడగానే ఫోను తెర నిండా రంగుకాగితాలు రాలాయి. "అభినందనలు. నూరు శాతం."

ఎవరూ చప్పట్లు కొట్టలేదు, అందరి చేతుల్లోనూ తలుపులున్నాయి. శ్రవణ్‌కుమార్ తన తలుపును డానియేలుకు అప్పగించి, చేతులు దులుపుకుని వెళ్లబోతూ టేకు తలుపు ముందు ఆగాడు. పక్క నుంచి ఎంచక్కా వెళ్లిపోవచ్చు. ఎందుకో మరి, "తాళం తీస్తరా అమ్మా?" అని విమలాదేవిని అడిగాడు. ఆమె గుత్తిలో చెవి వెతికి తీసింది. గుంజకు కట్టిన తాళ్ల మీదే ఒక రెక్క తెరుచుకుంది. అతను గడప దాటినట్టు కాలు ఎత్తి వేసి, అవతలికి దాటి, తలుపు జాగ్రత్తగా దగ్గరికి వేసి వెళ్లిపోయాడు.

ఒకటో తారీకున మహేశ్వరి ఫైలు పైకి వెళ్లింది. అదే రోజు ఆమె సెలవు పెట్టింది. పెట్టక తప్పలేదు, వానకు ఉబ్బిన తలుపులు ఒక్కటీ ఇళ్లకు సరిపోవడం లేదు. కొన్ని తారుమారయ్యాయి కూడా. వడ్రంగి రామ్‌చందర్‌ను వెంటబెట్టుకుని ఇల్లిల్లూ తిరిగింది. అతను చిత్రిక పడుతుంటే, బందులు బిగిస్తుంటే, తలుపును పైకెత్తి పట్టుకోవడం ఆమె పని. టేకు తలుపు దగ్గరికొచ్చేసరికి భుజాలు లాగేస్తున్నాయి.

పొద్దుటి నుంచి ప్రతి ఇంట్లో ఒక మాట చెప్పాలనుకుంటోంది. చెప్పబోతే, "ఛాయ్ తాగుతవా?" అని అడ్డం తగిలేవాళ్లు. తొమ్మిదేళ్లుగా తను ఈ ఇళ్లలోకి చొరబడి వాళ్ల నీళ్లు చూస్తోందనే అనుకుంది, వాళ్లు ఓర్చుకుంటున్నారనే అనుకుంది. అవే ఇళ్లవాళ్లు తన ముఖం కూడా అంత శ్రద్ధగా చూస్తున్నారని ఆమెకు తట్టనేలేదు. తలుపు బరువు భుజం మీద ఉండగానే విమలాదేవి వైపు తిరిగింది.

"అమ్మా, మీరు చేసినదానికి నేను..." అని మొదలుపెట్టింది.

"ఇంకో వేలెడు లేపు మహేశ్వరీ," అంది విమలాదేవి అవతలి వైపు తనూ చెయ్యి వేస్తూ. "కింద గీసుకుంటున్నది."

మహేశ్వరి పళ్లు బిగపట్టి ఇంకో వేలెడు లేపింది. రామ్‌చందర్ మేకు కొట్టాడు.